తెల్లవారితే బుధవారం

యశ్వంతపురంలో మా నర్సింగ్ హోమ్‌కి
గడియారాలు రెండు.
ఒకటి లేబర్ రూమ్ గోడమీద,
నాలుగు నిమిషాలు ముందు పోతుంది.
రెండోది డ్యూటీ రూమ్‌లో మేకుకి తగిలించిన పంచాంగం క్యాలెండర్,
మూలన ఎవరో కొబ్బరినూనె చేత్తో తిప్పిన మరక.
డాక్టరమ్మ మొదటిదాన్ని నమ్ముతుంది,
బిల్లు కట్టేవాళ్ళు రెండోదాన్ని.

మంగళవారం మూడింటికి కత్తి పట్టొద్దంటారు,
నాలుగున్నర దాటాలి.
అన్నీ సర్ది, చేతులు కడిగి,
రాహువు వెళ్ళేదాకా నిలబడతాం
లిఫ్ట్ కోసం నిలబడ్డట్టు.
నొప్పులొచ్చిన పిల్లకి మాత్రం ఏ దోషమూ పట్టదు.
వర్జ్యంలో అరుస్తుంది,
దుర్ముహూర్తంలో వాంతి చేసుకుంటుంది,
అమృతఘడియల్లో మొగుణ్ణి తిడుతుంది.

ఒక రాత్రి మూడూ నలభైకి మగపిల్లాడు.
కంప్యూటర్లో బుధవారం అని కొట్టాను.
నా భుజం మీదుగా చూస్తోంది వాళ్ళ అవ్వ,
చింతామణి నుంచి వచ్చిన నాగులమ్మ.
అక్షరాలు రావు, వారాలు వచ్చు.
"ఇంకా పొద్దు పొడవలేదు గదమ్మా,
మంగళవారమే ఇది. తెల్లారితే బుధవారం."
"పన్నెండు దాటిందవ్వా."
"దాటితే? పన్నెండుకి ఏం జరిగింది?
నువ్వు చూసినావా?"

చూశాను. పన్నెండుకి సెలైన్ మార్చాను.
పుట్టగౌరమ్మ ఫ్లాస్కులోంచి టీ వంచింది.
కిటికీ కింద లారీ ఒకటి వెనక్కి పోతూ కూసింది.
రోజు మారిన చప్పుడు మాత్రం వినలేదు.

ఆ మాటకొస్తే నా జీతం కూడా అవ్వ లెక్కే.
రాత్రి ఎనిమిదికి పెట్టిన సంతకం
పొద్దున ఏడుకి గానీ దిగదు, హాజరులో ఒక్క గడి.
ఇరవై రెండేళ్ళుగా నా నిన్న
సూర్యుడొచ్చి విడిపిస్తే గానీ అయిపోదు.

వాళ్ళ తాతల కాలంలో
చిల్లి గిన్నె నీళ్ళలో వదిలేవారట.
మునిగితే ఒక ఘడియ.
తీసి, వంచి, మళ్ళీ వదలడం.
మునగడంతో కొలవడం
ఆ రాత్రంతా నా తలలో తిరిగింది.

ఆషాఢంలో, ఓబులేసు కూతురు.
ఉదయం ఆరూ యాభైకి వచ్చింది, నేను డ్యూటీ దిగబోతుంటే.
ఎనిమిదో నెల. కిలో రెండొందలు.
రాత్రి మళ్ళీ నేనొచ్చేసరికి ఉంది.
తెల్లవారుజామున నాలుగుంబావుకి లేదు.
గోడ గడియారంలోంచి నాలుగు నిమిషాలు తీసేసి రాయడం
మా అలవాటు.
ఆ పూట తీయబుద్ధి కాలేదు.

కంప్యూటర్‌కి రెండు తేదీలు కావాలి.
వయసు ఒక రోజు అని అదే నింపుకుంది.
ఓబులేసు వేలిముద్ర వేసి
ఆటో తాళంచెవి బల్లమీద మర్చిపోయి వెళ్ళాడు.
మళ్ళీ వచ్చి తీసుకున్నాడు.
ఏమీ అడగలేదు.

చేతులు ఊరుకోక క్యాలెండర్ దగ్గరికి పోయాను.
నిన్నటి గడిలో తదియ, ఇవాళ్టి గడిలో పంచమి.
మరి చవితి?
కళ్ళజోడు తుడుచుకుని చూస్తే
తదియ కిందే, చీమతల అక్షరాల్లో:
ఉ. 6.21 నుండి చవితి, తె. 4.57 వరకు.
పొద్దు పొడిచాక వచ్చి
పొద్దు పొడవక ముందే వెళ్ళింది.
ఏ ఉదయాన్నీ తాకలేదు గనక
ఏ రోజుకీ దాని పేరు పెట్టలేదు.
క్షయతిథి అంటారు.
అయినా అచ్చేశారు,
నిమిషాలతో సహా.

ఏడుకి పుట్టగౌరమ్మ కర్టెన్ లాగింది.
మెట్రో స్తంభాల మధ్యనుంచి ఎండ
తిన్నగా రిజిస్టర్ మీద పడింది.
వయసు గడిలో, ఒక రోజు పక్కన,
"ఒక చవితి" అని రాసేంత చోటుంది.
రాయలేదు.
సంతకం పెట్టాను
నిన్నటి తేదీతో.